శనివారం కవర్లు

బేగంపేట నాలా పొంగి ఇళ్ల నడుమ పడవలు తిరిగిన ఏడాది అది. క్యాలెండరు మారి ఏడు నెలలు కావస్తున్నా రాజనర్సయ్యకు ఇంకా ఆ ఏడాదే నడుస్తోంది, ఎందుకంటే ఇంట్లో గోడ మీద నడుమెత్తున ఆ నీళ్లు గీసిపోయిన గీత ఎన్నిసార్లు సున్నం కొట్టినా పైకి తేలుతూనే ఉంది, అది పోయేదాకా ఏడాది మారినట్టు కాదని అతని లెక్క. పంజాగుట్టలో రక్తపరీక్షల సెంటరులో బల్ల చివర కూర్చుని గోడగడియారం వైపు చూస్తున్నాడు. నాలుగు దాటాక రమ్మన్నారు, అతను మూడింటికే వచ్చి కూర్చున్నాడు. ఇంట్లో కూర్చున్నా కూర్చోవడమే, ఇక్కడైతే కనీసం ఆ కాగితం ఉన్న గోడకు దగ్గర. కాగితం మనవరాలిది. ఇంకా పేరు పెట్టలేదు, పుట్టి ఆరు రోజులు. మూడో రోజున మడమ దగ్గర సూదితో గుచ్చి రక్తం తీసుకుపోయారు, అంత చిన్న మడమకు సూది ఎట్లా పట్టిందో అతను చూడలేదు, అప్పుడు వరండాలోకి పోయి గోడకు తిరిగి నిలబడ్డాడు. ఏడుపు మాత్రం వినబడింది. గట్టిగానే ఏడ్చింది. గట్టిగా ఏడిస్తే మంచిదేనా, లోపల గ్రంథి సరిగా లేని పిల్లలు మెల్లగా ఏడుస్తారా, ఇట్లాంటివి డాక్టరమ్మను అడగాలని మూడు రోజులుగా అనుకుంటున్నాడు. అడగలేదు. అతనికి అడగడం రాదు. థైరాయిడ్ సరిగా లేకపోతే పిల్లకు బుద్ధి ఎదగదని ఆమె చెప్పింది, వెంటనే మందు మొదలుపెడితే భయం లేదని కూడా వెంటనే చెప్పింది, కానీ రెండో మాట కిటికీలోంచి పోయింది, మొదటిదే చెవిలో కూర్చుంది.

బల్ల మీద పక్కనున్న పెద్దమనిషి తన చక్కెర జబ్బు గురించి మొదలుపెట్టి, ఈయన ఊఁ కూడా అనకపోయేసరికి అవతలి వైపు తిరిగి మొదటినుంచి అందుకున్నాడు. మాట్లాడేవాళ్లకు ఎవరో ఒకరు దొరుకుతారు. రాజనర్సయ్య బడికి మూడేళ్లే పోయాడు, నాలుగో ఏట బర్రెల వెంట పోయాడు, బర్రెలతో మాట్లాడాల్సింది ఏమీ ఉండదు, ఆ అలవాటే అరవై మూడేళ్లు వచ్చినా ఉండిపోయింది. పట్నం వచ్చాక ఊరవతల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లు తెల్లమందు మోశాడు. టపాకాయల్లోకి, రాకెట్లలోకి పోయే మందు. డ్రమ్ము మీద ఇంగ్లీషులో దాని పేరు ఉండేది, పనివాళ్లకు అది తెల్లమందు, అంతే. చూస్తే ఉప్పులాగే ఉంటుంది, వాసన ఉండదు, చేతికి మంట పుట్టదు. నిప్పుకు దూరంగా ఉంచితే ఆవు లాంటిది అని చేరిన రోజునే మేస్త్రీ చెప్పాడు. ఆ మాట పట్టుకుని రాజనర్సయ్య ఆ వారమే బీడీ మానేశాడు. ముప్పై ఒక్క ఏళ్లు దానికి నిప్పు తగలకుండా చూశాడు. దానికి ఇంకో గుణం ఉండవచ్చని, అది నీళ్లలో కరిగి చప్పుడు లేకుండా మనిషి గొంతు దగ్గరికి పోతుందని ఎవరనుకుంటారు.

మందు డ్రమ్ముల లోపల మందపాటి తెల్ల ప్లాస్టిక్ కవరు ఉంటుంది, మనిషి లోపల నిలబడేంత. మందు గుమ్మరించాక దాన్ని పారేస్తారు, పారేసేదాన్ని పనివాళ్లు మడిచి చంకలో పెట్టుకుని పోతారు. ఎవరింట్లో చూసినా అవే, వానకు రేకుల మీద, బియ్యం బస్తా లోపల, పెండ్లిలో కూరగాయలు తరిగే చోట కింద. ఫ్యాక్టరీ వాళ్లు ఎన్నడూ వద్దనలేదు, ఎందుకు వద్దనాలో వాళ్లకూ తెలిసి ఉండదు. నాలా దిగిపోయాక నల్లాలో వారం రోజులు నల్లటి నీళ్లు వచ్చాయి, తర్వాత తెల్లబడ్డా వాసన మాత్రం పోలేదు. ట్యాంకరు నీళ్లు పట్టి డ్రమ్ములో పోసుకున్నా ఆ డ్రమ్ము కూడా వరదలో మునిగి తేలిందే. దసరా పోయాక కోడలు మానసకు నెల తప్పింది. నీళ్ల చెంబు నోటి దగ్గరికి తెచ్చుకుంటే చాలు, నాలా వాసన అని వాంతి చేసుకునేది. ఆ మాట అత్త సత్తెమ్మతో అంది, అతనితో కాదు. అతనికి వినబడింది. ఆ శనివారం షిఫ్టు దిగి వస్తూ ఒక కొత్త కవరు తెచ్చాడు. దులిపాడు, ఒక చెంబెడు నీళ్లతో జాడించాడు, డ్రమ్ములో పరిచి అంచులు బయటికి మడిచి తాడుతో బిగించాడు. నీళ్లు పోస్తే అడుగు దాకా కనబడ్డాయి. మానస తాగి, కాసేపు ఆగి, ఇప్పుడు వాసన లేదత్తా అంది. అదొక్క మాట. ఆ మాట కోసం అతను ప్రతి శనివారం ఒక కొత్త కవరు తెచ్చాడు. పాతది పాచి పట్టకముందే తీసేసి కొత్తది వేసేవాడు. ఒక్కటే కవరు ఉంచి ఉంటే దాని మడతల్లోని మందు నాలుగు రోజుల్లో కడుక్కుపోయేది. అతనిది శుభ్రం ఎక్కువ. ఇరవై శనివారాలు.

గడియారం మూడుంపావు దాటింది, ముల్లు కదులుతున్నట్టే లేదు. ఐదో నెల దాటాక మానస మెడ కింద నిండుగా కనబడింది. కడుపుతో ఉన్నదానికి మెడ నిండితే అందం అని సత్తెమ్మ మురిసింది. మనిషి మాత్రం కూర్చున్న చోటనే కునికేది, ఎండలో కూడా చలి అనేది, దువ్వెనకు జుట్టు చుట్టలు చుట్టలుగా వచ్చేది. అమీర్‌పేటలో కాన్పుల డాక్టరు కమలకుమారి మెడ తడిమి చూసి రక్తం రాసిచ్చింది. కాగితం వచ్చాక మానసను, కొడుకు రాఘవేందర్‌ను, ఇతన్ని కూడా కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టింది. నీళ్లు ఎక్కడివి, తిండి ఏంటి, ఇంట్లో ఎవరెవరు ఏం పని చేస్తారు. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి మానస తల దించుకుని, మా ఇంట్ల దొడ్డుప్పే మేడం, మామకు పొడి ఉప్పు పడదు అంది. నిజమే. కంచం అంచున చిటికెడు పొడి ఉప్పు చూస్తే అతనికి తెల్లమందే గుర్తుకొచ్చేది, పొద్దంతా పారతో ఎత్తినదాన్ని రాత్రి నోట్లో పెట్టుకున్నట్టు ఉండేది. అందుకని ప్యాకెట్టు ఉప్పు గడప దాటనివ్వలేదు, తోపుడు బండి మీద వచ్చే దొడ్డుప్పే ఆ ఇంట్లో.

నీళ్ల డ్రమ్ములో పరిచే కవరు సంగతి విని డాక్టరమ్మ ఆ మందు పేరు అడిగింది, తెల్లమందు డ్రమ్ము మీది పేరు రాఘవేందర్ మర్నాడు ఫ్యాక్టరీకి పోయి కాగితం మీద రాసుకొచ్చి చూపించాడు. అతను మైత్రివనం దగ్గర జిరాక్స్ షాపులో పొద్దంతా ఇంగ్లీషు కాగితాలు తీసేవాడు, తప్పు లేకుండా రాయగలడు. పర్‌క్లోరేట్. డాక్టరమ్మ అది చదివి లోపలికి పోయి లావుపాటి పుస్తకం తెచ్చి చదువుకుంది, తర్వాత చెప్పింది. గొంతులో ఉండే గ్రంథికి అయొడిన్ కావాలి, ఈ మందు పోయి ఆ గ్రంథి గుమ్మంలో అడ్డంగా కూర్చుంటుంది, అయొడిన్‌ను లోపలికి పోనివ్వదు. ఒకప్పుడు ఆ గ్రంథి మరీ ఎక్కువ పనిచేసే రోగులకు డాక్టర్లే దీన్ని ఇచ్చేవారట, అణచడానికి. మామూలు మనిషికి కొద్దిగా పోతే ఏమీ తెలియకపోవచ్చు, కడుపుతో ఉన్న మనిషి, ఇద్దరికి సరిపడా కావాలి, పైగా మీ ఇంటి ఉప్పులో అయొడిన్ లేదు. ఇదే కారణమని నేను కాగితం మీద రాయలేను, ఇట్లాంటి కేసు నేనెప్పుడూ చూడలేదు, కానీ ఇవాళ్టినుంచి ఆ కవరు వద్దు, ఆ డ్రమ్ము వద్దు, ప్యాకెట్టు ఉప్పు తినండి, మాత్ర పరగడుపున వేయండి అని చెప్పింది. రాజనర్సయ్య రక్తం కూడా తీయించింది. అతనిది శుభ్రంగా ఉంది. అది విని అతను సిగ్గుపడ్డాడు. గడప లోపలికి రావాల్సిన పొడిని గడప బయట ఆపాడు, ఆపాల్సిన పొడిని చంకలో పెట్టుకుని తెచ్చాడు, తెచ్చిన మనిషికి ఏమీ కాలేదు. ఆ సాయంత్రం డ్రమ్మును వీధిలోకి దొర్లించి, ఇంకెవరూ ఎత్తుకుపోకుండా గొడ్డలితో అడుగు పగలగొట్టాడు. మర్నాటినుంచి పనికి పోలేదు. మానస మొహం వైపు కూడా చూడలేదు, నాలుగు నెలలు. ఆమె ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. తిట్టు మీద పడితే ఎంత బరువుందో తెలుస్తుంది.

నాలుగూ పది అయింది. కౌంటర్లో మంజూష అనే అమ్మాయి పేర్లు పిలుస్తోంది. బేబీ ఆఫ్ మానస అని పిలిచింది. పిల్లకు పేరు లేదు కాబట్టి తల్లి పేరు. అతను పోయి కాగితం అందుకున్నాడు గానీ అక్కడినుంచి కదలలేదు. డాక్టరుకు చూపించమని ఆమె చెప్పింది. తల ఊపాడు, కదలలేదు. వెనక వరసలో ఎవరో, పెద్దాయనకు వినబడదేమో గట్టిగా చెప్పమ్మా అన్నారు. ఆమె ఇతని మొహం చూసింది, అటూ ఇటూ చూసి చెయ్యి చాపి కాగితం తన వైపు తిప్పుకుంది.

"చెప్పొద్దు తాతా మేము, డాక్టరే చెప్పాలె. పాపకు మంచిగనే ఉన్నది, ఫికర్ చెయ్యకుండ్రి. జర పక్కకు జరుగుండ్రి."

బయటికి వచ్చేసరికి సన్నగా తుంపర. పంజాగుట్ట చౌరస్తా ఎప్పటిలాగే మోత మోగుతోంది, ఆటోలు, బస్సులు, సిగ్నల్ దగ్గర దారి ఇవ్వని జనం, అయినా అదంతా దూరంగా ఎవరింట్లోనో పెండ్లి మేళంలాగా ఉంది. మంచిగనే ఉన్నది. ఒక షోరూము మెట్ల మీద కూర్చున్నాడు, కాపలా మనిషి లెమ్మన్నట్టు చెయ్యి ఊపి, మొహం చూసి మళ్లీ ఊరుకున్నాడు. ఒళ్లంతా తేలిక. ఆకలి కూడా వేసింది, ఆకలి వేసి ఎన్నాళ్లయిందో. ఇరానీ హోటల్లోంచి చాయ్ వాసన, తడిసిన మట్టి వాసన, డీజిలు వాసన, అన్నీ విడివిడిగా తెలుస్తున్నాయి. ఎస్టీడీ బూత్ నుంచి రాఘవేందర్ షాపుకు ఫోను చేయవచ్చు, కానీ ఫోనులో ఏమనాలి, తనకు ఎదురుగా ఉంటేనే మాట రాదు, ఆ డొక్కు డబ్బాలోకి ఎక్కడ వస్తుంది. నడిచి పోవడమే మేలు. అమీర్‌పేట ఎంతని, ఇరవై నిమిషాలు. లేచి నడిచాడు. అంతలోనే మనసు తన పాత బుద్ధి చూపించింది. ఆ అమ్మాయి వరస కదలడానికి అన్నదేమో. ముసలివాడు అడ్డం నిలబడ్డాడు, ఏదో ఒకటి చెప్పి పంపాలి, చెప్పింది. నువ్వైనా అదే చేస్తావు.

బస్టాపు రేకు కిందికి జరిగి కాగితం విప్పాడు. ఇంగ్లీషు రాదు గానీ అంకెలు వచ్చు, ముప్పై ఒక్క ఏళ్లు డ్రమ్ముల తూకం చూసినవాడికి అంకెలు రాకుండా పోవు. మానస థైరాయిడ్ అంకె మొదటిసారి ముప్పై ఎనిమిది. డాక్టరమ్మ ఎర్ర పెన్నుతో దాని చుట్టూ గీసింది, అది చాలా ఎక్కువ అంది. ఈ కాగితం మీద నాలుగు ఉంది, పక్కన ఒకటి ఉంది. నడుమ ఒక చుక్క ఉండాలి. ఉన్నట్టే ఉంది. ప్రింటు మిషనుకు సిరా అయిపోవచ్చినట్టుంది, అక్షరాలన్నీ మసకే, అది చుక్కో, కాగితంలో మరకో. నాలుగు పక్కన చుక్క ఉండి ఒకటా, నలభై ఒకటా. కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. తుంపర చినుకు ఒకటి సరిగ్గా అక్కడే పడబోతే అరచెయ్యి అడ్డం పెట్టాడు. అదే చెయ్యి. గోళ్ల సందుల్లో ముప్పై ఒక్క ఏళ్ల తెల్లదనం, ఎన్ని సబ్బులు అరగదీసినా అందులో ఇంకా మందు ఉందేమోనని ఈ ఆరు రోజులుగా పిల్లను ముట్టుకోలేదు. సత్తెమ్మ ఒకసారి పిల్లను అందించబోతే బస్సు వచ్చిందని చెప్పి లేచిపోయాడు. నర్సింగ్ హోము వరండాలోకి బస్సు ఎట్లా వస్తుంది.

కాగితం చొక్కా లోపల, ఒంటికి ఆనేట్టు పెట్టుకుని వేగంగా నడిచాడు. అమీర్‌పేట దగ్గర పడేకొద్దీ గోడలన్నీ కంప్యూటరు కోర్సుల బోర్డులు, ఒకదాని మీద ఒకటి, ఆకాశం కనబడకుండా. ఈ ఏడాది ఉద్యోగాలు తగ్గాయని రాఘవేందర్ అంటాడు, అయినా పిల్లలు తగ్గలేదు, చంకలో పుస్తకాలతో, ఇడ్లీ బండ్ల దగ్గర, జిరాక్స్ షాపుల ముందు, ఎక్కడెక్కడి జిల్లాల మాటలో. కరపత్రాలు పంచే మనిషి అందరితో పాటు ఇతని చేతిలో కూడా ఒకటి పెట్టాడు. పక్కనున్నవాడు, తాతకు అమెరికా పోయే యోగం ఉన్నట్టుందిరా అన్నాడు. ఇంకొకప్పుడైతే రాజనర్సయ్య ఆ కాగితం అక్కడే వదిలేసేవాడు, ఇవాళ మాత్రం పెదవి చివర నవ్వు వచ్చింది. ఇన్ని వేలమందిలో ఎవరిని ఆపి అడిగినా ఆ చుక్క సంగతి క్షణంలో చెబుతారు. ఇద్దరు ముగ్గురి ముందు ఆగాడు కూడా. ఆగి, దారి కోసం ఆగినట్టు పక్కకు తప్పుకున్నాడు. అడిగితే, నలభై ఒకటి అంటే, ఆ మాట ముక్కూ మొహం తెలియని మనిషి నోట రోడ్డు మీద వినాలి. వద్దు. వింటే మానస ఎదుటే వినాలి. తనది కాని నోరు ఒకటి తనను తిట్టాల్సి వస్తే అది ఆమె నోరే కావాలి.

నర్సింగ్ హోము మెట్లు ఎక్కేసరికి కమలకుమారి రౌండుకు బయలుదేరుతోంది. "ఏంటండీ రాజనర్సయ్య గారూ, వానలో నడిచొచ్చారా?" అంటూనే కాగితం అందుకుంది. అతను ఆమె మొహం చూడలేదు, ఆమె కళ్లజోడు తాడు వైపు చూశాడు. అది కదలలేదు. తర్వాత ఊగింది.

"నాలుగు పాయింట్ ఒకటి. పాప బాగుంది. మందు కూడా అక్కర్లేదు. మానస మాత్రం మాత్ర ఆపకూడదు, ఆరు వారాలకి మళ్లీ చూద్దాం."

చుక్క ఉంది. ఆమె ఇంకేదో చెబుతోంది, ఇట్లాంటిది నిలబడిపోయేది కాదనీ, కవరు ఆపగానే మందు ఒంట్లోంచి పోయి ఉంటుందనీ, మాత్ర వేళకు పడబట్టి బిడ్డకు కావాల్సినది తల్లినుంచి అందిందనీ, మొదట్లో సంగతి ఎవరూ చెప్పలేరు కాబట్టి పిల్ల ఎదుగుదలను ఏడాది దాకా చూస్తూ ఉందామనీ. ఆమె గదిలోకి పోయి మానసకు చెప్పి బయటికి పోయింది. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, మీతో పనిచేసేవాళ్లు కూడా ఆ కవర్లు ఇంటికి తీసుకెళ్తారా అని అడిగింది. తీస్కపోతరు అన్నాడు. ఆమె ఏదో అనబోతుంటే నర్సు పిలిచింది.

గదిలో మానస ఒక్కతే ఉంది, సత్తెమ్మ వేడినీళ్లకు కిందికి పోయింది. ఆపరేషన్ కుట్లతో మెల్లగా ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. మెడ మామూలుగా ఉంది. ఇన్నాళ్ల తర్వాత ఆమె మెడ చూశాడు, మెడ మీదుగా మొహం చూశాడు. కళ్లు తడిగా ఉన్నాయి, నవ్వుతోంది.

"నాలుగు నెలల్నించి నా దిక్కు చూస్తలేరు మామా. నేనేమంటనో అని."

అతను గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"కోపం రాలేదని చెప్పను. వచ్చింది. నెల రోజులు మస్తు వచ్చింది. అటెన్క, వాసన రావొద్దని తెచ్చిండ్రు గద అనుకున్న. నోరు తెరిచి ఒక్కసారి ఎట్లున్నవు బిడ్డా అంటే అయిపోవు గద, దాని బదులు కవర్లు తెచ్చిండ్రు."

"తప్పైంది బిడ్డా," అన్నాడు. ఇంకా ఏమేమో ఉంది, నాలుగు నెలలుగా పేర్చి పెట్టుకున్నది, ఒక్కటీ రాలేదు.

"చేతులు కడుక్కొని రాండ్రి. మామూలు సబ్బే. పాపను పట్టుకోండ్రి, నా చెయ్యి తిమ్మిరెక్కింది."

కడుక్కున్నాడు. రెండుసార్లు కడుక్కుని మూడోసారి నల్లా తిప్పబోతుంటే, చాలు మామా అంది. మంచం పక్కన కూర్చోబెట్టి పిల్లను అతని ఒడిలో పెట్టింది. పిడికెడు బరువు కూడా లేదు. బస్తాలు మోసిన భుజానికి ఆ బరువు ఎట్లా మోయాలో తెలియక బిగుసుకుపోయింది. పిల్ల కళ్లు తెరవకుండానే మూతి తిప్పి, ఒక్కసారి ఉలిక్కిపడి, చొక్కా గుండీని గుప్పిట పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. కిటికీ బయట కోచింగు సెంటర్ల లైట్లు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి, వాన వెలిసింది, కింద ఎవరో ఆటోవాడితో బేరమాడుతున్నారు. ఇంత మామూలుగా ఉంటుందా లోకం అనిపించింది అతనికి, ఇన్నాళ్లూ ఇది ఇట్లాగే ఉందా. సత్తెమ్మ వచ్చి చూసి, బస్సు రాలేదా ఇవాళ అంది. అతను పిల్ల పట్టు వదిలేదాకా కదలకుండా కూర్చున్నాడు, కూర్చుని, డాక్టరమ్మ గుమ్మంలో అడిగినదాన్నే మళ్లీ మళ్లీ అనుకున్నాడు. తీస్కపోతరు. అందరూ తీస్కపోతరు. తెలిసిననాడే పోయి చెప్పాల్సింది. తన తప్పు నలుగురికీ తెలుస్తుందని నాలుగు నెలలు నోరు మూసుకున్నాడు.

మర్నాడు శనివారం. తెల్లవారగానే లేచి రెండు బస్సులు మారి ఫ్యాక్టరీ గేటు ముందు చాయ్ బండి పక్కన నిలబడ్డాడు. రాత్రి షిఫ్టు దిగేవేళ. అందరికంటే ముందు హనుమాండ్లు వచ్చాడు, ఇరవై ఏళ్లు పక్కపక్కన పని చేసినవాడు, చంకలో మడిచిన కవరు.

"ఏందన్నా, మళ్ల పనిల చేరుతవా? ఇంట్ల వదిన ఎల్లగొట్టిందా?"

"మీ ఇంట్ల ఎవలన్న కడుపుతోని ఉన్నరా?" అని అడిగాడు రాజనర్సయ్య.

హనుమాండ్లు నవ్వి నవ్వి దగ్గాడు, మా ముసల్దాన్ని అడిగి చెప్త అన్నాడు. రాజనర్సయ్య అతని చంకలోంచి కవరు లాక్కుని కాలి కింద పెట్టుకున్నాడు, ఇది ఇంటికి కొంటబోకు, ఎందుకో చెప్త, జర ఆగు అన్నాడు. అని, వెనక వచ్చేవాళ్ల వైపు తిరిగి అదే మాట అడిగాడు. ఒకడు తల అడ్డంగా ఊపాడు, ఒకడు ఇతనికి మతి పోయిందా అన్నట్టు చూసి తప్పుకున్నాడు, ఇద్దరు నవ్వారు. అడుగుతూనే ఉన్నాడు, ఒక్కొక్కరి ముందుకూ పోయి, గొంతు పెంచి. ఎనిమిదో మనిషి, పేరు కూడా తెలియని కొత్తవాడు, సైకిలు ఎక్కబోయినవాడు కాలు కిందికి దించాడు.

"ఉన్నది పెద్దాయనా, మా ఇంటామె. మూడో నెల. ఏమైంది?"

రాజనర్సయ్య అతని సైకిలు హ్యాండిల్ పట్టుకుని, జనం లేని పక్కకు నడిపించి, మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు.